దారి ఎక్కడ తెగిందో ముందు చూద్దాం



హైదరాబాద్‌లో జూబ్లీహిల్స్, ఫిల్మ్‌నగర్, షేక్‌పేట వైపు ఇళ్ళలో వైఫైతో నడిచే వస్తువులు ఇవాళ చాలా చేరాయి. గుమ్మం దగ్గర కెమెరా, తలుపుకు వేలిముద్ర తాళం, స్నానాల గదిలో గీజర్ ప్లగ్గు, హాల్లో పిలిస్తే పలికే స్పీకరు, డాబా మీద ట్యాంకు నిండగానే కింద మోటారును ఆపే కంట్రోలరు. నడుస్తున్నంత కాలం వాటి సంగతి ఎవరికీ గుర్తుండదు. ఒక పూట ఫోన్ తెరిచి చూస్తే పేరు పక్కన 'ఆఫ్‌లైన్' అని ఉంటుంది. బల్బు వెలగదు. కెమెరాలో బొమ్మ రాదు. వెంటనే మనలో చాలామంది చేసే పని ఒకటే. సన్నని పిన్ను వెతికి తెచ్చి రీసెట్ బటన్ నొక్కిపట్టడం.

ఈ రేడియో ప్రసంగంలో నేను చెప్పదలచుకున్నది, ఆ పనిని చివరికి వాయిదా వేయమని. రీసెట్ చేస్తే ఆ వస్తువుకు మన ఇంటి గురించి తెలిసినదంతా చెరిగిపోతుంది. వైఫై పేరు, పాస్‌వర్డ్, పొద్దున్న అయిదింటికి గీజర్ వేసే టైమరు, అన్నీ పోతాయి. అసలు తప్పు ఆ వస్తువులో లేనే లేకపోతే, ఒక సమస్య ఉన్నచోట రెండు అవుతాయి. కాబట్టి ముందు దారి ఎక్కడ తెగిందో కనుక్కోవాలి. అది కనుక్కోవడానికి ఇంజనీరింగ్ చదవక్కరలేదు. ఇంట్లో పెద్దవాళ్ళు కూడా చేయగలిగిన పని అది.

ముందుగా ఆ దారి ఎలాంటిదో చూద్దాం. హాల్లో కూర్చుని ఫోన్‌లో 'లైటు ఆపు' అని నొక్కామనుకోండి. ఆ మాట ఫోన్ నుంచి రౌటర్‌కు వెళ్తుంది. అక్కడి నుంచి గోడకు బిగించిన ఫైబర్ డబ్బాలోకి, అందులోంచి సన్నని గాజు తీగ మీదుగా వీధిలోని స్తంభానికి, స్తంభం నుంచి నెట్ కంపెనీ కేంద్రానికి చేరుతుంది. చాలా వస్తువుల విషయంలో అది అక్కడితో ఆగదు. ఆ వస్తువును తయారుచేసిన కంపెనీ కంప్యూటర్ ఏ ముంబైలోనో సింగపూర్‌లోనో ఉంటే అంతదూరం పోయి, మళ్ళీ అదే దారిలో వెనక్కి వచ్చి, రౌటర్ చేతుల మీదుగా బల్బును చేరుతుంది. కళ్ళెదుట పది అడుగుల దూరంలో ఉన్న బల్బు కోసం ఇంత ప్రయాణం జరుగుతుంది. ఇందులో ఎక్కడ తెగినా ఫోన్ మీద కనిపించే మాట మాత్రం ఒక్కటే, 'ఆఫ్‌లైన్' అని. రోగం పేరు ఆ మాటలో ఉండదు.

అందుకే మొదట వేసుకోవాల్సిన ప్రశ్న ఇది: ఆగింది ఒక్కటేనా, ఒక గదిలోవన్నీనా, ఇంట్లోవన్నీనా?

ఒక్కటే ఆగితే ఆ వస్తువునూ, దాని ప్లగ్గునూ చూడాలి. పనిమనిషి ఊడుస్తున్నప్పుడు అడాప్టర్ కదిలి ఉండవచ్చు, ఎవరో గోడ స్విచ్ ఆపి ఉండవచ్చు. స్మార్ట్ బల్బుకు గోడ స్విచ్ ఎప్పుడూ ఆన్‌లోనే ఉండాలన్న సంగతి ఇంట్లో అందరికీ తెలియకపోవడం వల్ల 'ఆఫ్‌లైన్' అయ్యే బల్బులు చాలా ఉంటాయి. ఒక గదిలోవన్నీ ఆగితే, ఆ గదికి సిగ్నల్ అందడం లేదన్నమాట. ఇంట్లోవన్నీ ఆగితే తప్పు రౌటర్‌లోనో, ఇంటి బయటో ఉంది. బల్బుల దగ్గర కుర్చీ వేసుకుని ఎక్కాల్సిన పనే లేదు. ఈ ఒక్క ప్రశ్నతో వెతకాల్సిన చోటు చాలావరకు తగ్గిపోతుంది.

ఇక గది సంగతి. మన ప్రాంతానికి ఒక ప్రత్యేకత ఉంది. ఇది రాతి నేల. హైదరాబాద్ కింద ఉన్న గ్రానైట్ దాదాపు 250 కోట్ల సంవత్సరాల నాటిది. 1976లో అక్కినేని నాగేశ్వరరావు గారు అన్నపూర్ణ స్టూడియోస్ మొదలుపెట్టిన రోజుల్లో ఈ చుట్టుపక్కలంతా గుట్టలు, బండలు. ఆ తర్వాత పద్మాలయా, రామానాయుడు స్టూడియోలు వచ్చాయి, ఫిల్మ్‌నగర్ నిండింది. ఇళ్ళు గుట్టల వాలు మీద లేచాయి. ఒక ఇంటి డాబా ఎత్తులో పక్కింటి సెల్లార్ ఉంటుంది. పాత బంగళాలకు రాతి పునాదులు, రాతి గోడలు. కొత్త అపార్టుమెంట్లకు ఇనుప చువ్వలు నిండిన కాంక్రీటు. ఇవి వైఫైకి ఎలా అడ్డం వస్తాయో అర్థం కావాలంటే ఈ రేడియోతోనే పోల్చి చూడవచ్చు, ఎందుకంటే రెండూ రేడియో తరంగాలే.

హైదరాబాద్ ఆకాశవాణి మీడియం వేవ్ ప్రసారం 738 కిలోహెర్ట్జ్ మీద ఉంటుంది. ఆ తరంగం నిడివి 400 మీటర్ల పైచిలుకు. అంత పొడవైన తరంగం గుట్టలను చుట్టుకుని, ఊళ్ళను దాటుకుని పోతుంది. మీ వైఫైలో 2.4 గిగాహెర్ట్జ్ తరంగం నిడివి 12 సెంటీమీటర్ల చిల్లర, అంటే మీ జానెడు కన్నా తక్కువ. 5 గిగాహెర్ట్జ్‌ది అందులో సగం. శక్తి కూడా అంతే. పెద్ద రేడియో కేంద్రాలు వేల వాట్లతో ప్రసారం చేస్తే, ఇంట్లో రౌటర్ ఒక్క వాట్‌లో కొంత భాగంతోనే పని చేస్తుంది. ఈ చిన్న తరంగాన్ని రాయి, కాంక్రీటు, నీళ్ళు మింగేస్తాయి. లోహం వెనక్కి తిప్పికొడుతుంది.

మన ఇళ్ళలో లోహం ఎక్కడుంది? బీరువాలో ఉంది. ఫ్రిజ్జులో ఉంది. అల్మారా తలుపుకు బిగించిన నిలువుటద్దం వెనక ఉన్న లోహపు పూతలో ఉంది. రౌటర్‌కూ కెమెరాకూ మధ్య స్టీలు బీరువా ఉంటే, ఆ గదిలో ఎన్నిసార్లు రీసెట్ చేసినా ఫలితం ఉండదు. కొత్త అపార్టుమెంట్లలో ఇంకో ఇబ్బంది చూస్తుంటాం. ఫైబర్ తీగ గుమ్మం పక్కనున్న ఇనుప డబ్బాలోకి వచ్చేలా కట్టేటప్పుడే ఏర్పాటు చేస్తారు. చూడటానికి బాగుంటుందని రౌటర్‌ను కూడా అందులోనే పెట్టి మూత వేస్తారు. అలా చేస్తే రౌటర్ నోరు మూసినట్టే. దాన్ని బయటికి తీసి, ఇంటి నడిమధ్యన, మనిషి ఎత్తుకు కాస్త పైన, టీవీకి, చేపల తొట్టికి దూరంగా పెట్టి చూడండి. అదనపు తీగ కొనడానికి అయ్యే ఖర్చుతో చాలా ఇళ్ళలో సగం బాధ తీరుతుంది.

డ్యూప్లెక్స్ ఇళ్ళవాళ్ళు ఇంకొకటి గమనించాలి. రౌటర్ యాంటెనాలు నిటారుగా నిలబెడితే తరంగాలు ఎక్కువగా పక్కలకు పోతాయి, తలపైకి తక్కువ పోతాయి. పై అంతస్తుకు అందకపోతే ఒక యాంటెనాను అడ్డంగా వంచి చూడండి. అప్పటికీ చాలకపోతే పై అంతస్తులో రెండో వైఫై డబ్బా పెట్టుకోవాల్సిందే. దాన్ని సిగ్నల్ బొత్తిగా రానిచోట పెడితే లాభం లేదు. పంచడానికి దాని దగ్గర ముందు ఏదో ఒకటి ఉండాలి కదా. సిగ్నల్ ఇంకా బాగా ఉన్నచోట, దారి మధ్యలో పెట్టాలి. రెండు డబ్బాలనూ కేబుల్‌తో కలపగలిగితే అంతకన్నా మంచిది లేదు.

సిగ్నల్ ఎంత ఉందో కొలవడానికి ఉచితంగా దొరికే యాప్‌లు ఉన్నాయి. అవి మైనస్ అంకెలు చూపిస్తాయి. మైనస్ 50 అంటే చాలా బాగుంది. మైనస్ 67 దాకా ఫర్వాలేదు. మైనస్ 75 దాటితే ఆ వస్తువు ఇవాళ పట్టుకుంటుంది, రేపు వదిలేస్తుంది. ఈ అంకెలో పది తేడా వచ్చిందంటే అందే శక్తి పదో వంతుకు పడిపోయిందని అర్థం. ఇంకో సంగతి కూడా గుర్తుంచుకోవాలి. రౌటర్ పంపేది బల్బుకు అందితే చాలదు, బల్బు చెప్పేది రౌటర్‌కు తిరిగి అందాలి. బల్బులోని చిప్పు చిన్నది, దాని యాంటెనా వేలి గోరంత. అందుకే ఫోన్‌లో మూడు గీతలు కనిపిస్తున్న చోట కూడా బల్బు తప్పిపోవచ్చు. సెల్లార్‌లో సంపు దగ్గర మోటారు కంట్రోలర్ బిగించుకున్నవాళ్ళకు ఇది అనుభవమే. వాళ్ళకు నేను గట్టిగా చెప్పేది ఒకటుంది. ట్యాంకు నిండితే మోటారు ఆగడం అనేది వైఫై మీద మాత్రమే ఆధారపడకూడదు. నీటి మట్టంతో దానంతటదే ఆగే ఫ్లోట్ స్విచ్ తప్పకుండా ఉండాలి.

ఇక, కొత్తగా కొన్న వస్తువు అసలు కలవనే కలవకపోవడం గురించి. మీ రౌటర్ రెండు బ్యాండ్లలో పని చేస్తుంది, 2.4, 5 గిగాహెర్ట్జ్. 5 వేగమైనది, కానీ గోడ దాటడంలో బలహీనం. 2.4 నెమ్మది, కానీ దూరం పోతుంది. బల్బులు, ప్లగ్గులు, చవకైన కెమెరాలు ఎక్కువ శాతం 2.4 మీదే నడుస్తాయి. రెండింటికీ ఒకే పేరు పెట్టి ఉంటే, ఫోన్ 5 మీద కూర్చుంటుంది, బల్బుకు అది కనిపించదు. 'కనెక్ట్ కాలేదు' అని వస్తుంది. దీనికి మందు తేలిక. రౌటర్ సెట్టింగ్స్‌లో 2.4కు వేరే పేరు పెట్టి, వస్తువులన్నిటినీ దాని మీదే కలపండి. భద్రత ఎంపికలో కొత్త డబ్ల్యుపిఎ3 ఒక్కటే పెట్టి ఉంటే, పాత వస్తువులకు అది అర్థం కాదు. వాటి కోసం డబ్ల్యుపిఎ2 ఉంచాలి. కలిపేటప్పుడు ఫోన్‌లో మొబైల్ డేటా ఆపండి, విపిఎన్ ఉంటే ఆపండి, యాప్ లొకేషన్ అనుమతి అడిగితే ఇవ్వండి. చుట్టూ ఉన్న వైఫైలను వెతకడానికి ఆండ్రాయిడ్ ఫోన్లలో ఆ అనుమతి కావాలి. వచ్చిపోయేవాళ్ళ కోసం పెట్టిన గెస్ట్ వైఫైలో ఫోన్ ఉంటే, ఇంట్లోని వస్తువులు దానికి కనిపించకపోవచ్చు.

రద్దీ సంగతి చెప్పకపోతే మన ప్రాంతం గురించి మాట్లాడినట్టు కాదు. మన దేశంలో 2.4 గిగాహెర్ట్జ్ బ్యాండ్‌ను లైసెన్సు లేకుండా వాడుకోవచ్చని 2005లో ప్రభుత్వం ప్రకటించింది. 2018లో 5 గిగాహెర్ట్జ్‌లోనూ విశాలంగా అనుమతి ఇచ్చింది. ఇంటింటికీ వైఫై వచ్చిందంటే ఆ నిర్ణయాల పుణ్యమే. కానీ అందరిదీ అయిన చోట రద్దీ తప్పదు. గుట్ట మీద బంగళాలు, కింద ఫిల్మ్‌నగర్ బస్తీలో గోడకు గోడ ఆనుకున్న ఇళ్ళు, షేక్‌పేటలో, ఓయూ కాలనీలో అంతస్తు మీద అంతస్తు. ఫోన్‌లో వైఫై జాబితా తెరిస్తే పాతిక పేర్లు కనిపించే చోట్లున్నాయి. సంతలో అందరూ ఒకేసారి మాట్లాడితే ఎవరి మాటా ఎవరికీ వినపడదు. అందుకే వైఫై పరికరం ప్రతిదీ ముందు చెవి ఒగ్గి, నిశ్శబ్దం దొరికాకే మాట్లాడుతుంది. నిశ్శబ్దమే దొరకకపోతే ఆగి ఆగి, చివరికి బంధం తెగిపోతుంది. 2.4లో ఒకదానిమీద ఒకటి పడని ఛానెళ్ళు మూడే: 1, 6, 11. రౌటర్ తనంతట తాను ఛానెల్ మార్చుకునే ఏర్పాటు ఉంటే, అది మారినప్పుడల్లా కొన్ని బల్బులు దారి తప్పుతాయి. ఏ ఛానెల్ మీద పక్కిళ్ళ రద్దీ తక్కువో యాప్‌లో చూసి, ఈ మూడింటిలో ఒకటి ఎంచి స్థిరంగా పెట్టండి. ఛానెల్ వెడల్పు 20 మెగాహెర్ట్జ్ చాలు. మైక్రోవేవ్ ఓవెన్ కూడా ఇదే బ్యాండ్‌లో పని చేస్తుంది కాబట్టి దాని పక్కన రౌటర్ వద్దు.

జూబ్లీహిల్స్‌లో షూటింగుకు అద్దెకిచ్చే ఇళ్ళు కూడా ఉన్నాయి కదా. కెమెరాలోని బొమ్మను దర్శకుడి మానిటర్‌కు తీగ లేకుండా పంపే పరికరాల్లో చాలా భాగం 5 గిగాహెర్ట్జ్‌లోనే పని చేస్తాయి. పక్కింట్లో షూటింగు జరుగుతున్న రోజున మీ టీవీ తడబడితే రౌటర్‌ను తప్పుపట్టకండి. ప్యాకప్ చెప్పేదాకా 5లో ఇంకో ఛానెల్‌కు మారితే సరిపోతుంది.

తర్వాత కరెంటు. వానాకాలంలో కరెంటు పోయి వచ్చాక ఇంట్లో సగం వస్తువులు ఆఫ్‌లైన్ కావడం చాలామంది చూసే ఉంటారు. కారణం ఇది. కరెంటు రాగానే బల్బు రెండు మూడు సెకన్లలో లేచి వైఫై కోసం వెతుకుతుంది. రౌటర్, ఫైబర్ డబ్బా లేచి సిద్ధం కావడానికి రెండు మూడు నిమిషాలు పడుతుంది. కొన్ని వస్తువులు కొద్దిసార్లు ప్రయత్నించి మానుకుంటాయి. అప్పుడు రీసెట్ అక్కరలేదు. రౌటర్ లైట్లన్నీ నిలకడగా వెలిగేదాకా ఆగి, ఆ వస్తువును ఒక్కసారి ఆపి వేస్తే చాలు. శాశ్వత పరిష్కారం కావాలంటే రౌటర్‌కు, ఫైబర్ డబ్బాకు చిన్న యూపీఎస్ పెట్టుకోండి. ఇన్వర్టర్ ఉన్న ఇంట్లో ఆ రెండు ప్లగ్గులు ఇన్వర్టర్ లైనులో ఉన్నాయో లేదో ఎలక్ట్రీషియన్‌ను అడిగి చూసుకోండి. చాలా ఇళ్ళలో ఫ్యాను, లైటు ఇన్వర్టర్ మీద ఉంటాయి, రౌటర్ ఉన్న ప్లగ్గు ఉండదు.

రోజూ ఇంచుమించు ఒకే వేళకు తెగిపోతుంటే ఇంకో కారణం వెతకాలి. రౌటర్ ప్రతి వస్తువుకూ ఇంటి లోపల చెల్లే ఒక నంబరు ఇస్తుంది, ఐపీ అడ్రస్ అంటాం. అది గడువుతో ఇచ్చేది. చాలా రౌటర్లలో గడువు ఒక రోజు. గడువు తీరినప్పుడు సరిగ్గా తిరిగి అడగలేని వస్తువు బయట పడిపోతుంది. కెమెరా, తాళం వంటి ముఖ్యమైన వాటికి నంబరు మారకుండా రౌటర్‌లోనే కేటాయించవచ్చు. అలాగే, నెట్ కంపెనీ ఉచితంగా ఇచ్చే చిన్న రౌటర్లు ఎక్కువ వస్తువులను మోయలేవు. ఫోన్లు, టీవీలు, బల్బులు, కెమెరాలు అన్నీ లెక్కేస్తే ముప్పై దాటిన ఇల్లయితే, కొత్తది చేరినప్పుడల్లా పాతది ఒకటి జారిపోతుంటే, లోపం బల్బులో లేదు. మంచి రౌటర్ కొనుక్కోవాల్సిన సమయం వచ్చింది.

కొత్త రౌటర్ అంటే గుర్తొచ్చింది. నెట్ మార్చినప్పుడు ఇంట్లో పాతిక వస్తువులనూ మళ్ళీ మొదటినుంచి కలపక్కరలేదు. పాత రౌటర్ వైఫై పేరు, పాస్‌వర్డ్ ఏమున్నాయో, పెద్ద అక్షరం చిన్న అక్షరం తేడా రాకుండా, భద్రత రకంతో సహా కొత్త రౌటర్‌కూ అవే పెట్టండి. వస్తువులు తమంతట తామే వచ్చి చేరతాయి. నెట్‌వాళ్ళు బిగించడానికి వచ్చినప్పుడే ఈ మాట చెప్పి చేయించుకోండి.

ఇప్పుడు ఇంటి బయటికి వద్దాం. గోడ మీద ఫైబర్ డబ్బాలో 'ఎల్ఓఎస్' అని రాసి ఉన్న దీపం ఎర్రగా వెలిగితే, వెలుతురు ఇంటిదాకా రావడం లేదని అర్థం. గాజు తీగలో ప్రయాణించేది వెలుతురే. ఒకసారి సోఫా వెనక, తలుపు సందులో తీగ మడత పడిందేమో చూడండి. గాజు తీగను ఇరుకుగా వంచితే వెలుతురు బయటికి జారిపోతుంది. దాని కొనను మాత్రం కంటికి ఎదురుగా పెట్టుకుని చూడకండి. లోపల ఏమీ లేకపోతే తప్పు వీధిలో ఉంది. ఫిర్యాదు చేసేటప్పుడు 'నెట్ రావట్లేదు' అని ఊరుకోకుండా 'ఎల్ఓఎస్ ఎర్రగా ఉంది' అని చెప్పండి. అవతలివాళ్ళు రౌటర్ ఆపి వేయమనే నాలుగు మెట్లు దాటి, నేరుగా లైన్‌మన్‌ను పంపుతారు.

వీధిలో ఎంత జరగవచ్చో మనం 2025 ఆగస్టులో చూశాం. రామంతాపూర్‌లో కృష్ణాష్టమి ఊరేగింపు రథానికి విద్యుత్తు సోకి ఐదుగురు చనిపోయారు. ఆ దుర్ఘటన తర్వాత విద్యుత్ స్తంభాలకు వేలాడుతున్న కేబుళ్ళను తొలగించమని విద్యుత్ శాఖ చూస్తున్న ఉప ముఖ్యమంత్రి భట్టి విక్రమార్క ఆదేశించారు. సిబ్బంది కత్తిరించుకుంటూ పోయారు. నగరంలో ఎన్నో చోట్ల ఇంటర్నెట్ ఆగిపోయింది. వ్యవహారం హైకోర్టు దాకా వెళ్ళింది. నా అభిప్రాయంలో ప్రాణం ముందు, ఇంటర్నెట్ తర్వాత. ఆ విషయంలో రెండో మాట లేదు. కానీ ఆ రోజుల్లో మనకు తెలిసివచ్చింది ఏమిటంటే, తలుపు తాళం దగ్గర నుంచి నీళ్ళ మోటారు దాకా మనం ఇంటర్నెట్‌కు అప్పజెప్పినవన్నీ వీధి స్తంభానికి వేలాడే ఆ సన్నని తీగ మీద ఆధారపడి ఉన్నాయి. ఈ తీగలు భూమిలోపల గొట్టాల గుండా పోవాలి. రాతి నేలలో తవ్వడం కష్టమే, ఖర్చే. అయినా రోడ్డు వేసేటప్పుడే గొట్టం కూడా వేస్తే ఆ కష్టం ఒక్కసారితో పోతుంది. కాలనీ సంఘాలు అడగవలసిన పని ఇది.

దారి ఇంకా దూరం కూడా తెగవచ్చు. 2025 అక్టోబర్ 20న అమెరికాలో వర్జీనియా రాష్ట్రంలోని అమెజాన్ కంప్యూటర్ కేంద్రాల్లో పేర్లను అడ్రసులుగా మార్చే వ్యవస్థ ఒకటి దెబ్బతింది. అలెక్సా స్పీకర్లు, రింగ్ డోర్‌బెల్ కెమెరాలు ఎన్నో దేశాల్లో గంటల తరబడి పలకలేదు. అలాంటి రోజున ఇంట్లో వైఫై బాగానే ఉంటుంది, ఫోన్‌లో వార్తలు వస్తాయి, ఒకే కంపెనీ వస్తువులు మాత్రం చచ్చుబడి ఉంటాయి. ఆ గుర్తు కనిపిస్తే ఏమీ ముట్టుకోకండి. అప్పుడు రీసెట్ చేసినవాళ్ళకు కంపెనీ కోలుకునేదాకా మళ్ళీ కలుపుకునే వీలు కూడా ఉండదు. 2022 ఏప్రిల్‌లో ఇన్‌స్టియాన్ అనే అమెరికా కంపెనీ ముందు మాటైనా చెప్పకుండా తన సర్వర్లు ఆపేసింది. వాటిని నమ్ముకున్నవాళ్ళ ఇళ్ళలో యాప్‌లు ఒక్కసారిగా పనిచేయడం మానేశాయి. కొనేటప్పుడే 'ఇంటర్నెట్ లేకపోయినా ఇది ఇంట్లో నడుస్తుందా' అని అడగాలని ఆ సంఘటన చెబుతోంది. 2022 అక్టోబర్‌లో విడుదలైన మ్యాటర్ అనే ఉమ్మడి ప్రమాణం ఉన్న వస్తువులు ఇంటి లోపలే ఒకదానితో ఒకటి మాట్లాడుకోగలవు. పెట్టె మీద ఆ గుర్తు ఉందేమో చూసి కొనండి.

ఈ విషయం మీద నాకు ఇంత పట్టింపు ఎందుకంటే, ఈ ప్రాంతంలో చాలా ఇళ్ళలో ఉంటున్నది పెద్దవాళ్ళు మాత్రమే. పిల్లలు అమెరికాలో ఫ్రిస్కోలోనో, ఎడిసన్‌లోనో ఉంటారు. అమ్మానాన్నలు క్షేమంగా ఉన్నారని వాళ్ళకు కెమెరా చెబుతుంది. అక్కడ సాయంత్రం ఆఫీసు నుంచి ఇల్లు చేరి ఫోన్ చూస్తే 'ఆఫ్‌లైన్'. ఇక్కడ తెల్లవారుజాము. "నాన్నా, అంతా బాగేనా? కెమెరా రావట్లేదేంటి?" అని ఫోన్. డెబ్బై ఏళ్ళాయన నిద్ర కళ్ళతో లేచి, స్టూలు వేసుకుని ఎక్కి కెమెరా వెనక బటన్ కోసం తడుముకుంటాడు. ఆ స్టూలే అసలు ప్రమాదం.

దూరాన ఉన్న పిల్లలకు చెబుతున్నాను. మొదటి ప్రశ్న మీరు అక్కడి నుంచే వేసుకోవచ్చు. కెమెరా ఒక్కటే ఆగిందా, స్పీకరు, ప్లగ్గు కూడా ఆగాయా? అన్నీ ఒకేసారి ఆగితే దాదాపు ఎప్పుడూ కరెంటో, నెట్టో పోయినట్టే. పొద్దు పొడిచేదాకా ఆగవచ్చు. ఒక్కటే ఆగితే ఆ కెమెరా ప్లగ్గు సంగతి చూడమని మర్నాడు చెప్పవచ్చు. మనసు ఆగకపోతే మామూలు ఫోన్ చేసి క్షేమం అడగండి. కానీ స్టూలు ఎక్కమని అడగకండి. ఇంటర్నెట్ పోయినా రికార్డింగ్ ఆగకుండా కెమెరాలో మెమరీ కార్డు వేయించండి. పక్కింటివారి నంబరు, వాచ్‌మన్ నంబరు మీ ఫోన్‌లో ఉంచుకోండి. వచ్చే సెలవుల్లో ఇంటికి వచ్చినప్పుడు ఒక పూట కూర్చుని, ఏ వస్తువు ఏ ప్లగ్గులో ఉంది, రౌటర్ ఎక్కడ ఆపాలి, వైఫై పేరు, పాస్‌వర్డ్ ఏమిటి, నెట్‌వాళ్ళ నంబరు ఏది, ఇవన్నీ పెద్ద అక్షరాల్లో తెలుగులో ఒక నోటు పుస్తకంలో రాసి పెట్టండి. స్మార్ట్ తాళం ఉన్న ఇంట్లో అసలు తాళం చెవి ఒకటి నమ్మకమైనవారి దగ్గర ఉంచండి. బ్యాటరీ అయిపోతే చాలా తాళాలకు బయటినుంచి పవర్ బ్యాంకుతోనో చిన్న బ్యాటరీతోనో ఊపిరి పోయవచ్చు. అది ఎలాగో అమ్మానాన్నల చేత ఒకసారి చేయించి చూపించండి. గీజర్‌కు, తలుపుకు, లైటుకు చేత్తో నొక్కే మామూలు స్విచ్ ఎప్పుడూ అందుబాటులో ఉండాలి.

అద్దె ఇళ్ళవాళ్ళకు ఒక మాట. సినిమా పనుల మీద వచ్చి, సినిమాకో ఇల్లు మారేవాళ్ళు ఫిల్మ్‌నగర్‌లో ఎందరో ఉన్నారు. ఖాళీ చేసేటప్పుడు బిగించిన వస్తువులను మీ యాప్ ఖాతా నుంచి తొలగించి వెళ్ళండి. లేకపోతే తర్వాత వచ్చినవారు ఎంత రీసెట్ చేసినా కొన్ని వస్తువులు పాత యజమాని పేరే చెబుతాయి. పైగా వాళ్ళ ఇంటి కెమెరా మీ ఫోన్‌లో కనిపించే అవకాశం ఉండిపోతుంది. అది ఎవరికీ మంచిది కాదు.

మొత్తం వరుస మరోసారి చెబుతాను, కావాలంటే రాసుకోండి. ఒకటి, ఆగినవి ఎన్నో చూడండి. రెండు, ఫోన్‌ను వైఫై మీదే ఉంచి ఏదైనా వెబ్‌సైట్ తెరుచుకుంటుందో చూడండి. మూడు, ఫైబర్ డబ్బా మీద ఎర్ర దీపం ఉందేమో చూడండి. నాలుగు, ముందు ఫైబర్ డబ్బాను, తర్వాత రౌటర్‌ను ఆపి, ఒక నిమిషం ఆగి అదే వరుసలో వేసి, అయిదు నిమిషాలు వేచి ఉండండి. అయిదు, అప్పటికీ కలవని వస్తువును మాత్రం ప్లగ్గు తీసి పెట్టండి. ఆరు, దాన్ని రౌటర్ ఉన్న గదికి తెచ్చి చూడండి. అక్కడ పనిచేస్తే వస్తువు మంచిదే, గది దూరమైంది. ఇవన్నీ అయ్యాక ఏడోది రీసెట్.

కొత్తగా ఇల్లు కడుతున్నవారు, అపార్టుమెంటు కొంటున్నవారు ఇంకా ముందే మేలుకోవచ్చు. స్లాబు పోయకముందే ప్రతి అంతస్తుకూ, ప్రతి పెద్ద గదికీ నెట్ కేబుల్ పోవడానికి ఒక ఖాళీ గొట్టం వేయించండి. కరెంటు వైరింగుకు ఎంత శ్రద్ధ పెడతామో దీనికీ అంతే పెట్టాలి. బిల్డర్‌ను అడగండి. అడిగేవాళ్ళు పెరిగితే అదే అలవాటవుతుంది. ఇప్పటికే కట్టేసిన అపార్టుమెంట్లలో కమిటీలు ఒక ఆదివారం కూర్చుని, ఏ ఇంటి వైఫై ఏ ఛానెల్ మీద ఉండాలో పంచుకుంటే, పైసా ఖర్చు లేకుండా అందరి ఇళ్ళలోనూ మెరుగవుతుంది. ఎవరి రౌటర్ వారిదే అయినా గాలి అందరిదీ. నీళ్ళ ట్యాంకరు, లిఫ్టు మరమ్మతు గురించి కలిసి మాట్లాడుకునే మనం దీని గురించీ మాట్లాడుకోవచ్చు.

ఇంట్లోకి తెచ్చుకున్న వస్తువు మన చెప్పుచేతల్లో ఉండాలి. అది ఆగిపోయినప్పుడు కంగారుపడకుండా, ఎందుకు ఆగిందో తెలుసుకునే ఓపిక మనకు ఉండాలి. ఆ ఓపికను ఇంట్లో పిల్లలకు నేర్పండి, పెద్దవాళ్ళకు నేర్పండి. ఈ వారమే ఒక పూట తీరిక చేసుకుని ఆ నోటు పుస్తకం మొదలుపెట్టండి.